బావకిచ్చిన గాలం కర్ర

ఎనభైల మొదట్లో ఒక చలికాలం సాయంత్రం, మా బావ స్కూటరు వెనక ఒక పొడుగాటి గుడ్డసంచీ కట్టుకుని వైజాగు వన్ టౌన్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఆ సంచీ విప్పినప్పటి నుంచి నాకు బావంటే కడుపుమంట పట్టుకుంది. అంతకుముందు అతను నాకు ఇష్టమైన మనిషే.

బావంటే మా అక్క భర్త. వాళ్ళ కాపురం గాజువాకలో. విదేశీ ఓడలు హార్బరులోకి వస్తే వాటికి కావలసిన కాగితాలు, మంచినీళ్ళు, కూరగాయలు, డాక్టర్లు చూసిపెట్టే ఒక ఏజెంటు ఆఫీసులో పని చేసేవాడు. ఆ నెలలో వచ్చిన ఒక ఓడ కెప్టెను, ముసలి ఇంగ్లీషాయన, జ్వరంతో ఆస్పత్రిలో పడ్డాడు. బావ రోజూ వెళ్ళి ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఆయన కోలుకుని వెళ్ళిపోతూ తన గాలం కర్ర బావ చేతిలో పెట్టాడట.

అలాంటి కర్ర మేమెవరం చూడలేదు. తేనె రంగులో మెరిసే మూడు ముక్కలు. ఒకదాంట్లో ఒకటి దూర్చితే మనిషికి ఒకటిన్నర పొడుగు అయ్యేది. కొస పట్టుకుంటే చీపురుపుల్లలా వణికేది. దానితోపాటు ఒక రీలు, మైనం పూసినట్టున్న లావుపాటి దారం, ఒక రేకు డబ్బా. డబ్బాలో చిన్న చిన్న గాలాలు, వాటికి ఈకలు చుట్టి ఉన్నాయి. అవి ఈగలట. ఎర ఏమీ గుచ్చక్కర్లేదట. నీటి మీద వాలిన పురుగనుకుని చేప పైకొచ్చి అందుకుంటుందట.

"ఆయనగారి ఊళ్ళో సుద్దకొండల్లోంచి ఏరులు పుడతాయంట మావయ్యా," అన్నాడు బావ. "నీళ్ళు అద్దంలాగుంటాయంట. అడుగున గులకరాళ్ళు కనపడతాయంట. సేపని ముందు కంటితో సూసి, అప్పుడు దాని ముందుకి ఈగని ఇసురుతారంట. అటువంటి నీళ్ళు మనకెక్కడున్నాయి సెప్పండి!"

మా నాన్న ఆ కర్రని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. నాన్నది హార్బరులో టగ్గు మీద పని. పెద్ద ఓడల్ని తాళ్ళతో లాగి రేవు గోడకి చేర్చే చిన్న పడవని టగ్గు అంటారు. మా ఇంటి కిటికీలో నిలబడితే కనిపించేవి ముడి ఇనుము గుట్టలు, క్రేన్లు. ఆ ధూళికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఇటుక రంగు తేలేది. హార్బరు నీళ్ళ మీద ఎప్పుడూ నూనె తెట్టె. అలాంటి చోట కూర్చుని నాన్న నిదానంగా అన్నాడు: "ఉన్నాయి బాబూ. బొర్రా కాడ ఉన్నాయి. అయీ సున్నపురాళ్ళే. ఆ గుహల కిందనుంచి ఏరు వత్తాది. కొత్తవలస నుంచి కొండల్లోకి రైలుపట్టాలు ఏసిన రోజుల్లో నానక్కడ కూలికెళ్ళేను. మధ్యాన్నం ఆ ఏట్లో కాళ్ళు పెట్టుకు కూకుంటే కాలేళ్ళ సందుల్లోకి సేపలొచ్చీవి."

నాకు చురుక్కుమంది. నాన్న కొండల్లో పనిచేశాడని తెలుసు. ఆ ఏటి సంగతి మాత్రం నాకు ఎన్నడూ చెప్పలేదు.

చెప్పడానికి ఆయనకి కావలసినంత సమయం ఉండేది. డెబ్భైల మొదట్లో, నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఆదివారం సాయంత్రమైతే నాన్న, నేను హార్బరు కాలవ పక్కన రాళ్ళ గట్టు మీద గాలాలు వేసుకుని కూర్చునేవాళ్ళం. రొయ్య గుచ్చడం, దారం చూపుడువేలు మీద ఆనించి పెట్టుకోవడం, చేప తాకినప్పుడు వెంటనే లాగకుండా ఆగడం, అన్నీ ఆయనే నేర్పాడు. ఒకసారి పండుగప్ప పడితే నా చేతులు రెండూ తన చేతుల్లో పెట్టుకుని లాగించాడు. ఎనిమిదో తరగతిలోకి వచ్చాక అమ్మ మాన్పించేసింది. పెద్దదానివయ్యావు, గట్ల వెంబడి తిరగొద్దంది. నాన్న నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఒక్కడూ వెళ్ళేవాడు. ఆయన ఒంటరిగానే వెళ్తున్నాడు కదా, నా చోటు ఖాళీగానే ఉంది కదా అనుకోవడం నాకు పెద్ద ఓదార్పుగా ఉండేది. రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగంలో చేరినా ఆ ఓదార్పు పోలేదు.

ఇప్పుడు ఆ చోట్లోకి బావ వచ్చి కూర్చున్నాడు.

ఆ మర్నాటి నుంచి మా వరండా ఒక ఆఫీసైపోయింది. బావ డ్యూటీ దిగి గాజువాక వెళ్ళకుండా నేరుగా మా ఇంటికొచ్చేవాడు. నాన్న సుద్దముక్క తీసుకుని నేల మీద ఏరు గీసేవాడు. ఇక్కడ స్టేషను, ఇక్కడ దిగుడు దారి, ఇక్కడ రాయి, ఇక్కడ మడుగు. ఇరవై ఏళ్ళ నాటి ఏరది. ఆయన మాత్రం నిన్ననే చూసొచ్చినట్టు వంపులు తిప్పేవాడు. బావ పక్కన గొంతుక్కూర్చుని కెప్టెను చెప్పిన మాటలన్నీ అప్పజెప్పేవాడు. చేపలు ఏటికి ఎదురుముఖంగా నిలబడతాయి కాబట్టి మనం కింద నుంచి పైకి నడవాలి. మన నీడ నీటి మీద పడకూడదు. తెల్లచొక్కా వేసుకోకూడదు. అడుగు బరువుగా వేస్తే గట్టు అదిరి చేపకి తెలిసిపోతుంది.

"అలగైతే నా ఖాకీ చొక్కా ఉంది. మీకూ ఒకటుంది బాబూ, ఎతికి పెడతాను," అన్నాడు నాన్న.

ఆయన పాత ఖాకీ చొక్కాలు అంతకుముందు నేనే రాత్రి చదువులకి చలికోటులా వేసుకునేదాన్ని. మర్నాడు పెట్టెలో చూస్తే అవి లేవు. ఉతికి, మడతపెట్టి, బావ కోసం కుర్చీ మీద పెట్టి ఉన్నాయి.

ఏ రోజు వెళ్ళాలన్నది తేలడానికే చాలా రోజులు పట్టింది. అది మార్గశిరం. లక్ష్మివారాలు అమ్మ కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళేది, ఇంట్లో నీచు ముట్టేవాళ్ళం కాదు. ఆదివారాల్లో నాన్నకి షిఫ్టులు పడ్డాయి. బావకి ఏ ఓడ ఎప్పుడొస్తుందో తెలీదు. ఇద్దరూ క్యాలెండరు ముందు నిలబడి పెళ్ళి ముహూర్తం చూస్తున్నట్టు చూసేవాళ్ళు. చివరికి ఒక మంగళవారం ఖాయం చేశారు. ఆ మంగళవారం నాకు కూడా సెలవే. నేను ఆ మాట రెండుసార్లు గట్టిగా అన్నాను. ఎవరికీ వినిపించలేదు.

డాబా మీద విసరడం నేర్చుకునేవాళ్ళు. గాలం బదులు దారం కొసకి ఉన్ని పోగు కట్టి, కర్రని వెనక్కీ ముందుకీ ఊపేవాళ్ళు. మామూలు గాలంలో బరువు సీసపు గుండుది. ఇందులో బరువంతా దారానిదే. వెనక్కి వెళ్ళిన దారం పూర్తిగా సాగే దాకా ఆగి అప్పుడు ముందుకి తోయాలి. నాన్న ఆగేవాడు కాదు. దారం ఆయన మెడకి చుట్టుకునేది. బావ విసురు అమ్మ ఆరేసిన చీరకి తగులుకునేది. ఇద్దరూ స్కూలు పిల్లల్లా నవ్వుకునేవాళ్ళు. నేను బట్టలు తీసే వంకతో తీగ పక్కన నిలబడి చూసేదాన్ని. ఎక్కడ ఆగాలో నాకు తెలిసిపోతూ ఉండేది. కర్ర నా చేతికి ఎవరూ ఇవ్వలేదు, నేను అడగలేదు.

ఒక సాయంత్రం నాన్న బావ చెయ్యి పట్టుకుని, దారం అతని చూపుడువేలు మీద ఆనించి అన్నాడు: "సెవితో ఇన్నట్టు ఏలితో ఇనాలి బాబూ. ఇలగ."

ఆ మాట నాది. అక్షరం మారకుండా అదే మాట నాకు ఆ రాళ్ళ మీద చెప్పాడు. ఆరేసిన తువాలు తీసి మడతపెడుతున్నదాన్ని, దాన్ని అలాగే తీగ మీద పడేసి కిందికి దిగిపోయాను.

డబ్బాలో ఈగలు సగం తుప్పు పట్టాయని తేలాక బావకి నేను గుర్తొచ్చాను.

"నీ సెయ్యి మంచిది కదే. కుట్లూ అల్లికలూ అన్నీ ఒచ్చు. ఇలగటివి నాలుగు సుట్టిపెట్టవా?" అన్నాడు, ఒక ఈగని అరచేతిలో పెట్టి.

"ఎందుకు బావా? నాను వత్తన్నానేటి?"

"నువ్వెందుకే, కొండలూ గుట్టలూ! నీకు సేపలట్టుకొత్తాం లే."

పోనీ చుట్టనని చెబుదామనుకున్నాను. కానీ ఆ ఈగ ఎంత ముచ్చటగా ఉందంటే చెయ్యి ఊరుకోలేదు. పక్కింటి కోడిపుంజు మెడ ఈకలు, నా ఎంబ్రాయిడరీ పట్టుదారం, పాత స్వెట్టరు నుంచి తీసిన గోధుమరంగు ఉన్ని తీసుకుని కూర్చున్నాను. చిన్న గాలానికి ఉన్ని ఒంటిలా చుట్టి, ఈకని దాని మెడ చుట్టూ తిప్పితే, పోగులు నిక్కబొడుచుకుని నిలబడేవి. వాటి మీదే అది నీటిపై తేలాలి. కొవ్వొత్తి మైనం రాసి గిన్నెలో నీళ్ళు పోసి వేసి చూశాను. తేలింది. నాన్న వంగి చూసి, "అల్లుడుగారు ఎంత మంచి నమూనా తెచ్చేరో!" అన్నాడు.

తర్వాత ఇంకో పని పడింది. వాన కురిసి ఏరు బురదగా ఉంటే వెళ్ళి లాభం లేదు. అక్కడ నీళ్ళెలా ఉన్నాయో వైజాగులో కూర్చున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఎక్స్ఛేంజిలో ఉన్నది నేనే. లైను ఖాళీగా ఉన్నప్పుడు బొర్రా స్టేషనుకి కలిపి, ఏటి నీళ్ళు తేటగా ఉన్నాయా అని అడిగాను. బదులిచ్చింది అక్కడి స్టేషను మాస్టారు.

"ఉన్నాయమ్మా. ఎందుకూ?"

"నీళ్ళ మీద పురుగులేమైనా వాలుతున్నాయా అండీ? ఏ రంగువి?"

"అమ్మా, మీరు కంట్రోలు ఆఫీసు నుంచేనా మాట్లాడేది?" అన్నాడాయన భయంగా.

సంగతి చెప్పాక నవ్వి, మర్నాడు తనే చూసి చెప్పాడు. గోధుమరంగు రెక్కల పురుగులు, సాయంత్రం ఎక్కువ. ఈ కబురు ఇంటికి తెస్తే వరండాలో ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. నాన్న బావ వీపు తట్టాడు. కబురు తెచ్చింది నేనైతే, తట్టింది బావ వీపు.

ఆ మర్నాడు వంటింట్లో చింతపండు విడదీస్తూ ఉండబట్టలేక అమ్మతో అన్నాను: "ఇంట్లో నానొక దాన్నున్నానని నాన్నకి గుర్తుందేటి? ఎంతసేపూ అల్లుడుగారు, అల్లుడుగారు."

అమ్మ తలెత్తకుండానే అంది: "మండుతందా?"

"మండదేటి మరి?"

"నాకూ అలగే మండీది."

అర్థం కాలేదు. అమ్మ చింతపిక్కలు పక్కకి తోసి చెప్పింది: "ఆయనకి వారానికి ఒక్క ఆదోరం సాయంత్రం తీరికుండీది. ఆ పూట కాస్తా మీరిద్దరూ పట్టుకుపోయీవోరు. రాళ్ళమీంచి నవ్వుకుంటా వచ్చీవోరు. ఏటి నవ్వుకుంటన్నారంటే, నీకు తెలీదులే అనీవోడు. నాను కూకుని మీ సేపలు తోమీదాన్ని. నువ్వు పెద్దదానివయ్యేవని మాన్పించేననుకుంటన్నావు. అదీ ఉంది. నిన్ను మాన్పిస్తే ఆయనింట్లో ఉంటాడనుకున్నాను." చింతపండు పీచు లాగి పడేసి, "ఉన్నాడేటి? ఒక్కడూ ఎల్లిపోయేడు," అంది.

కోపం రావాలి. రాలేదు. చింతపండు గిన్నె ఆవిడ వైపు జరిపాను.

సోమవారం సాయంత్రానికి అన్నీ సిద్ధమయ్యాయి. కర్ర సంచీలో, ఈగలు డబ్బాలో, పులిహోర పొట్లాలు కట్టడానికి అరిటాకులు. అప్పుడు అక్క ఒక్కతే బస్సు దిగి వచ్చింది. బావ ఓడ ఒకటి చెప్పిన రోజుకంటే ముందే వచ్చేసిందట. మంగళవారమంతా అతను హార్బరు వదిలి కదలడానికి లేదు.

"మిమ్మల్ని ఎల్లమన్నారు నాన్నా. కర్ర పాడవకుండా సూసుకోమన్నారు," అంది అక్క.

నాన్న కుర్చీలో కూలబడిపోయాడు. "ఆయన లేకుండా నానేటెల్తాను. ఇంకో రోజు సూద్దాం," అన్నాడు.

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. ఆయన చాలాసేపు సంచీ వైపు చూసి, తర్వాత అమ్మ వైపు చూసి, ఆఖరికి నా వైపు చూశాడు. "పోనీ, నువ్వొత్తావేటి?" అన్నాడు.

బావ ఖాళీ చేసిన చోటది. రానని చెప్పడానికి నోరు తెరిచాను. "వత్తాను," అని వచ్చింది.

అమ్మని కూడా రమ్మన్నాను. "నన్నెవలు పిలిచేరు?" అని లోపలికెళ్ళి అన్నం వార్చుకుంది.

తెల్లవారాక వాల్తేరు స్టేషన్లో కిరండూలు పాసింజరెక్కాం. శృంగవరపుకోట దాటాక బండి కొండలెక్కుతూ, సొరంగాల్లో దూరుతూ వెళ్ళింది. నాన్న కిటికీలోంచి తాను మట్టి మోసిన చోట్లు చూపించాడు. బొర్రాలో దిగి, రాళ్ళు పట్టుకుని కిందికి దిగాం. ఏరు నాన్న సుద్దముక్కతో గీసినట్టు లేదు. మడుగన్న చోట రాళ్ళున్నాయి, రాళ్ళన్న చోట నీళ్ళున్నాయి. కానీ ఆ నీళ్ళ గురించి ఆయన చెప్పింది నిజమే. హార్బరు పక్కన పుట్టి పెరిగినదాన్ని, నీటి అడుగు చూడడం నాకదే మొదలు. మోకాలి లోతులో ఇసుక రేణువులు కదులుతూ కనిపించాయి. ఒంటి మీద నీలం పట్టీలున్న చేపలు ఏటికి ఎదురుగా, ఎవరో నిలబెట్టినట్టు నిలబడి ఉన్నాయి.

నాన్న మొదట విసిరాడు. దారం చెంపదెబ్బలా నీటి మీద పడింది. చేపలు మాయమయ్యాయి. ఇంకో మడుగు దగ్గర ఈగ పొదకి తగులుకుంది. ఎండ ఎక్కే దాకా అదే వరస. ఆయన చెమట తుడుచుకుని, "నా వల్ల కాదే. నువ్వు సూడు," అని కర్ర నా చేతికిచ్చాడు.

అది నా చేతిలో వణికింది. నేను గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదటి రెండు విసుర్లూ చెడ్డాయి. తర్వాత దారం వెనక్కి సాగే దాకా ఆగాను. డాబా మీద అన్ని సాయంత్రాలు చూసింది చేతిలోకి వచ్చింది. నేను చుట్టిన గోధుమరంగు ఈగ చప్పుడు లేకుండా వాలింది. నీలం పట్టీల చేప ఒకటి నిదానంగా పైకి తేలి, ఈగ కింద కాసేపు నడిచి, నోరు తెరిచింది. ఆగాను. అప్పుడు ఎత్తాను. కర్ర విల్లులా వంగింది.

అరచెయ్యంత చేప. నాన్న నీళ్ళలోకి దిగిపోయి రెండు చేతులతో పట్టుకుని కేకేశాడు: "అబ్బ! అల్లుడుగారు సూడాల్సిందే!"

"నానున్నాను కదేటి నాన్నా ఇక్కడ!"

నా గొంతు నాకే కొత్తగా ఉంది. కొండకి తగిలి తిరిగొచ్చింది. నాన్న చేపని పట్టుకుని నా వైపు తిరిగాడు.

"నువ్వే కదే మానీసేవు," అన్నాడు. "ఆదోరం నీకోసం సూసీవోణ్ణి. నీకింక సేపల వాసన పడటం లేదంట, సిగ్గుగా ఉందంట, మీ అమ్మ సెప్పింది. మరింక అడగలేదు. ఈసారీ అందుకే అడగలేదు."

వంటింట్లో అమ్మ చెప్పిన మాటల్లో ఇది లేదు. "సిగ్గూ లేదు, ఏటీ లేదు," అన్నాను. అమ్మ సంగతి ఎత్తలేదు. ఆయన చేపని తడిగుడ్డలో చుట్టి, ఈగని తన చొక్కాకి తుడిచి, మళ్ళీ నా చేతికి అందించాడు. బండి వేళయ్యే దాకా ఆయన విసరలేదు. నా వెనకాల వంగి నడుస్తూ, "అదిగో, ఆ రాతి పక్కన," అని గుసగుసగా చెబుతూ వచ్చాడు. ఇంకో నాలుగు చేపలు పడ్డాయి.

ఇంటికి చేరేసరికి బావ, అక్క మాకోసం కూర్చుని ఉన్నారు. ఓడ పని తెమిలిందట. నాన్న కాళ్ళయినా కడుక్కోకుండా కథంతా చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ మోకాళ్ళేసిందీ, ఎలా ఆగిందీ, చేప ఎలా తేలిందీ. ఈసారి కథలో ఉన్నది నేను. బావ నవ్వుతూనే విన్నాడు. వింటూ సంచీలోంచి కర్ర తీసి, ముక్కలన్నీ ఒక్కొక్కటే దీపానికి ఎత్తి చూసుకున్నాడు.

"ఏ ఈగ తగిలిందే?" అన్నాడు.

"నాను సుట్టిందే."

"కెప్టెనుగారివి వాడలేదా?"

"లేదు."

"ఓహో," అన్నాడు. ఆ ఓహో నాకు బాగా తెలిసిన ఓహో. కొన్ని వారాలుగా నా గొంతులోనే ఉన్నది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

అమ్మ చేపలు వేయించి వడ్డించింది. బావ ఒక ముక్క కొరికి, నెమ్మదిగా నమిలి, "ముళ్ళెక్కువున్నాయి," అన్నాడు. అక్క పమిట నోటికడ్డం పెట్టుకుంది. మిగిలిన చేపని నేను అమ్మ కంచంలో వేశాను. ఆవిడ నా వైపు చూడకుండా తింది. తిన్నాక, ముళ్ళు కంచం అంచున పేరుస్తూ నాన్నని అడిగింది:

"ఆ ఏరు అంత బాగుంటాదేటి?"

నాన్న అన్నం కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. "వత్తావేటి?" అన్నాడు ఆశ్చర్యంగా.

"పిలిస్తే కదా."

"అయితే వచ్చే నెల మనిద్దరం ఎల్దాం. సొరంగాలు సూపిత్తాను," అన్నాడు నాన్న.

మనిద్దరం అన్నాడు. బావ, నేను ఒకేసారి తలెత్తాం.